డంపింగ్ యార్డు మూసేశారు, మరి మా బావి?

నీళ్ల శీర్షికకు ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద ఉన్నాయి: మూతపడిన చెత్త డంపింగ్ యార్డుల దగ్గర ఉన్న సొంత బావులు, బోర్లు. అందుకని మిగతా ప్రశ్నలు వచ్చే నెలకు పెట్టి, ఈ సంచికలో చోటంతా వీటికే ఇస్తున్నాను. ఒక మాట ముందే చెబుతున్నా. నేను డాక్టర్ని కాను, భూగర్భ జలాల ల్యాబ్‌లో కెమిస్టుగా పనిచేసి రిటైరయినదాన్ని. ఒంట్లో బాగాలేదని రాసినవాళ్లు ముందు డాక్టరు దగ్గరికి వెళ్లండి. నీళ్ల సంగతి ఇక్కడ మాట్లాడుకుందాం.

ప్రశ్న: మేడమ్, మా ఇంటికి సుమారు 300 మీటర్ల దూరంలో పాత డంపింగ్ యార్డు ఉంది. మూసేసి పదేళ్లు దాటింది. పైన మట్టి కప్పారు, గడ్డి కూడా మొలిచింది. ఇన్నాళ్లూ మా బావికి ఏ ఇబ్బందీ లేదు. ఈ ఏడాది నుంచి నీళ్లు తోడినప్పుడు తేటగానే ఉంటున్నా, బకెట్‌లో కాసేపు ఉంచితే ఎర్రబడుతున్నాయి. పైన నూనె తెట్టులాగా రంగుల పొర కడుతోంది. యార్డు నడిపినవాళ్లను అడిగితే "యార్డు మూసేసి పదేళ్లయితే ఇప్పుడెందుకు వస్తుంది?" అని మమ్మల్నే ఎదురు అడుగుతున్నారు. వాళ్లు చెప్పేది నిజమేనా?

జవాబు: కాదు. యార్డు మూయడమంటే కొత్త చెత్త వేయడం ఆపడం, అంతే. లోపల ఉన్నది లోపలే ఉంటుంది. వాన నీళ్లు చెత్తలోంచి దిగేటప్పుడు దానిలో కరిగేవన్నీ కరిగించుకుని నల్లటి రసంలా కిందికి వస్తాయి. దీన్నే లీచేట్ అంటారు. పైన మట్టి గట్టిగా కప్పితే దిగే వాన తగ్గుతుంది, అది మంచిదే. కానీ పాత యార్డులు చాలావాటికి అడుగున ఏ పొరా ఉండదు. పాత క్వారీ గుంతల్లో, పల్లపు నేలల్లో పోసిన చెత్తయితే అడుగుభాగం భూగర్భ జలంలోనే మునిగి ఉండొచ్చు. అప్పుడు పైన ఎంత మట్టి కప్పినా పక్కనుంచి వచ్చే ఊట చెత్తను కడుగుతూనే ఉంటుంది.

పదేళ్ల తర్వాత ఎందుకు వచ్చిందంటే, నేలలో నీళ్లు నడిచే వేగం అది. ఫ్రాన్స్‌లో హెన్రీ డార్సీ అనే ఇంజనీరు 1856లో ప్రచురించిన సూత్రంతోనే ఇవాళ్టికీ లెక్క కడతాం. నీటిని బాగా పారనిచ్చే ఇసుక నేల అనుకోండి. ఊట మట్టం కిలోమీటరుకు 5 మీటర్లు వాలుగా ఉంటే, నీరు ఏడాదికి దాదాపు 70 మీటర్లు కదులుతుంది. ఆ లెక్కన 300 మీటర్లు రావడానికి నాలుగేళ్లకు పైనే. నేలలో బంకమన్ను పాలు ఎక్కువైతే పదేళ్లు, ఇరవై ఏళ్లు. శుద్ధ బంకమట్టిలో అయితే ఏడాదికి మిల్లీమీటర్లే. రాతి పగుళ్లలో మాత్రం ఏ లెక్కా నిలవదు, కొన్నిచోట్ల రోజుల్లోనే వచ్చేస్తుంది. లీచేట్‌లోని అన్ని పదార్థాలూ ఒకే వేగంతో రావు కూడా. క్లోరైడ్ నీటితో సమానంగా నడుస్తుంది, అమ్మోనియా మట్టికి అంటుకుంటూ వెనకబడుతుంది, సీసం లాంటి లోహాలు ఇంకా వెనకబడతాయి. కాబట్టి "ఇన్నాళ్లూ రాలేదు" అంటే "ఇక రాదు" అని కాదు.

ఇప్పుడు మీ ఎర్ర నీళ్ల సంగతి. ఆ ఇనుము చెత్తలోంచే రానక్కర్లేదు. చాలావరకు మీ నేలలోదే అయి ఉంటుంది. లీచేట్‌లోని సేంద్రియ పదార్థాన్ని తినే బ్యాక్టీరియా ముందు నీటిలోని ఆక్సిజన్ అంతా వాడేస్తుంది. అది అయిపోయాక నైట్రేట్‌ను, తర్వాత మట్టిలో ఉన్న మాంగనీస్, ఇనుము ఆక్సైడ్లను పట్టుకుంటుంది. అప్పటిదాకా మట్టి రేణువులకు తుప్పులా అంటి ఉన్న ఇనుము నీటిలో కరుగుతుంది. కరిగిన ఇనుముకు రంగుండదు, అందుకే తోడినప్పుడు తేటగా కనిపిస్తాయి. గాలి తగలగానే మళ్లీ తుప్పుగా మారి ఎర్రబడతాయి. ఇందులో నాకు భయం ఇనుము గురించి కాదు. ఆ తుప్పును పట్టుకుని ఉన్న ఆర్సెనిక్ కూడా దాంతోపాటు విడుదల కావచ్చు. అది కంటికీ నాలుకకూ తెలియదు.

రంగుల పొరను పుల్లతో కదిపి చూడండి. పెంకుల్లా ముక్కలై విడిపోయి అలాగే ఉండిపోతే అది ఇనుము బ్యాక్టీరియా పొర. కదిపిన చోట మళ్లీ కలిసిపోతే నూనె లేదా పెట్రోలు లాంటిది. ఇది ల్యాబ్ పరీక్షకు సమానం కాదు. కానీ ల్యాబ్‌కు ఏం రాయాలో తెలుస్తుంది.

అయితే ఎర్ర నీళ్లు కనిపించగానే యార్డే కారణమని తేల్చేయకండి. యార్డు ఛాయలే లేనిచోట కూడా సహజంగా ఇనుము ఉన్న బావులు బోలెడు. మీ విషయంలో నన్ను ఆలోచింపజేసింది ఎరుపు కాదు, ఇన్నేళ్లూ లేనిది కొత్తగా రావడం. రిపోర్టు వచ్చేదాకా తాగడానికీ వంటకీ వేరే నీళ్లు వాడండి.

ప్రశ్న: టీడీఎస్ మీటరు కొన్నాను మేడమ్. మా బోరు నీళ్లు 380 చూపిస్తోంది. 500 లోపు ఉంటే మంచిదంటారు కదా, ఇక నిశ్చింతగా ఉండొచ్చా?

జవాబు: ఉండకూడదు. ఆ మీటరు కొలిచేది నీటిలో కరెంటు ఎంత పారుతుందన్నది మాత్రమే, అంటే మొత్తం లవణాల అంచనా. బెంజీన్, వినైల్ క్లోరైడ్ లాంటి రసాయనాలకు కరెంటు పారదు, మీటరుకు అవి ఉన్నట్టే తెలియదు. ఆర్సెనిక్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి లీటరుకు 10 మైక్రోగ్రాములు. దానికి పది రెట్లున్నా మీ మీటరులో అంకె కదలదు.

అలాగని పారేయకండి. నెలకోసారి, ఒకే కుళాయి దగ్గర, మోటారు కాసేపు నడిచాక కొలిచి తేదీతో రాసిపెట్టండి. 380 ఉన్నది వానలు, ఎండలతో సంబంధం లేకుండా మెల్లగా 500, 700 అని ఎక్కుతూ పోతుంటే ఏదో వస్తున్నట్టే. చవకైన మీటరుకు తగిన పని అదే.

ప్రశ్న: అమ్మా, నీళ్లు పరీక్ష చేయించాలనుకుంటున్నాం. ల్యాబ్‌కు వెళితే పెద్ద జాబితా ఇచ్చి "ఏవి కావాలో టిక్ పెట్టండి" అన్నారు. అన్నీ చేయిస్తే చాలా ఖర్చు. ఏవి చేయించాలి? శాంపిల్ ఇంట్లో ఉన్న మంచినీళ్ల సీసాలో తీసుకెళితే సరిపోతుందా?

జవాబు: టిక్ పెట్టమనే ముందు "నీళ్లు ఎందుకు పరీక్షిస్తున్నారు?" అని ల్యాబ్‌వాళ్లు అడగాలి. అడగరు. నా ఉద్యోగమంతా ఈ విషయంలో సహోద్యోగులతో వాదిస్తూనే గడిచింది. సరే, నేను చెబుతాను.

రెండు విడతలుగా చేయించండి. మొదటి విడతలో చవకైనవే. పీహెచ్, కండక్టివిటీ, క్లోరైడ్, ఆల్కలినిటీ, అమ్మోనియా, నైట్రేట్, ఇనుము, మాంగనీస్, సోడియం, పొటాషియం, వీలైతే బోరాన్, సీఓడీ (నీటిలోని సేంద్రియ పదార్థం అంచనా). వీటితో పాటు ఈ.కొలై అనే బ్యాక్టీరియా. వీటిలో చాలావాటికి విషగుణం లేదు. అయినా యార్డు నుంచి నీరు వస్తోందా లేదా అన్నది ఇవే చెబుతాయి. పాత యార్డు లీచేట్‌లో అమ్మోనియా లీటరుకు వందల మిల్లీగ్రాములు ఉండటం మామూలు, వెయ్యి దాటడమూ ఉంది. దశాబ్దాలపాటు తగ్గదు కూడా. మామూలు భూగర్భ జలంలో సాధారణంగా 0.2 మిల్లీగ్రాముల లోపే ఉంటుంది. ఇంత తేడా ఉన్న గుర్తు మరొకటి దొరకదు.

మొదటి విడతలో అనుమానం గట్టిపడితే రెండో విడత. ఆర్సెనిక్, సీసం, కాడ్మియం, క్రోమియం, నికెల్ ఒక వరుస, ఆవిరయ్యే కర్బన రసాయనాలు అంటే వీఓసీలు మరో వరుస. స్తోమత ఉంటే పీఎఫ్ఏఎస్ అనే ఫ్లోరిన్ రసాయనాలు కూడా. జిడ్డు, నీళ్లు అంటని పూతలు వేసిన వస్తువులు, దుస్తులు చెత్తలో చేరడం వల్ల అవి లీచేట్‌లోకి వస్తాయి, ఎంతకాలమైనా విరగవు. అమెరికాలో 2024లో పీఎఫ్ఓఏ, పీఎఫ్ఓఎస్ అనే రెండింటికి పెట్టిన పరిమితి లీటరుకు 4 నానోగ్రాములు. అంత తక్కువ కొలవగల ల్యాబ్‌లు కొన్నే ఉంటాయి, ముందే అడగండి. యార్డు పక్కన ఉండి ఎవరైనా ఒకే ఒక పరీక్షకు ఖర్చు పెట్టగలమంటే మాత్రం నేను వీఓసీలనే అంటాను, ఎందుకంటే మిగతావాటికి ఏదో ఒక రుచో రంగో తోడుగా వచ్చే అవకాశముంది, వీటికి తక్కువ.

ఇక శాంపిల్. తాగేసిన ప్లాస్టిక్ సీసా వద్దు. ల్యాబే సీసాలు ఇవ్వాలి, ఒక్కో పరీక్షకు ఒక్కో రకం. వీఓసీలకు చిన్న గాజు వయల్స్ ఇస్తారు. నురగ రాకుండా అంచుదాకా నింపి మూత పెట్టి తలకిందులు చేసి చూడండి, బుడగ కనిపిస్తే మళ్లీ తీయాలి. ఆ బుడగలోకే మీరు వెతుకుతున్న రసాయనం వెళ్లిపోతుంది. లోహాల సీసాలో కొంచెం నైట్రిక్ యాసిడ్ వేసి ఇస్తారు. మురికనుకుని కడిగేయకండి, చేతికి తగలనివ్వకండి. బ్యాక్టీరియా సీసా స్టెరైల్‌గా ఉంటుంది, మూత లోపలి వైపు వేలు పెట్టొద్దు.

నీళ్లు పట్టాల్సింది పైన ట్యాంకు నుంచి కాదు, వంటింటి ఫిల్టరు నుంచి అసలే కాదు. మోటారు దగ్గర, ఏ ఫిల్టరూ తగలకముందు. పైపులో నిలవున్న నీళ్లు పోయి, చేతికి నీటి చల్లదనం ఒకేలా తగిలేదాకా, మీటరు ఉంటే అంకె నిలకడగా వచ్చేదాకా వదిలేసి అప్పుడు పట్టండి. సీసా మీద తేదీ, సమయం, ఎక్కడ పట్టారో రాయండి. ఐస్ పెట్టెలో పెట్టి అదే రోజు అందజేయండి, గడ్డకట్టనివ్వకండి.

ఒక బావి రిపోర్టు ఒంటరిగా చేతికొస్తే దాన్నుంచి చెప్పగలిగేది కొంచెమే. యార్డుకు ఎగువన, అంటే ఊట యార్డు వైపు వచ్చే దిక్కున ఉన్న బావి ఒకటి చూసి, అదే రోజు, అదే ల్యాబ్‌లో, అవే పరీక్షలు చేయించండి. ఖర్చు పంచుకుంటే ఇద్దరికీ మేలే.

ప్రశ్న: యార్డు మా ఇంటికి తూర్పున ఉంది. నేల చూపుకి అటే పల్లం. అంటే లీచేట్ మా వైపు రాదనేగా? కానీ మా పక్కింటివాళ్ల బోరులో అమ్మోనియా వచ్చింది, మా దాంట్లో రాలేదు. రెండూ పాతిక మీటర్ల దూరంలోనే ఉన్నాయి. ల్యాబే తప్పు చేసిందంటారా?

జవాబు: ల్యాబ్‌ను అప్పుడే అనుమానించకండి. నేల వాలు, కింద ఊట వాలు చాలాచోట్ల ఒకే దిక్కుకు ఉంటాయి, కానీ ఉండి తీరాలని లేదు. చుట్టుపక్కల ఎవరైనా పెద్ద మోటార్లతో తోడుతుంటే ఊట అటే తిరుగుతుంది. పక్కింటివాళ్లు మీకన్నా ఎక్కువ తోడుతున్నారేమో కనుక్కోండి.

పైగా కలుషిత నీరు నేలలో అన్ని వైపులకూ సమానంగా పరుచుకోదు. యార్డు నుంచి సన్నటి, పొడుగాటి నాలుకలా ఊట వాలు వెంట సాగుతుంది. దాని అంచు పాతిక మీటర్లలో తెగిపోవడం మామూలే. లోతులోనూ అంతే. మీ బోరు 20 మీటర్ల దగ్గర నీళ్లు తీసుకుంటుంటే, వాళ్లది 45 దగ్గర తీసుకుంటుంటే రెండూ వేర్వేరు నీళ్లు. కేసింగ్ ఎక్కడిదాకా దించారో, నీళ్లు ఏ లోతులో పడ్డాయో బోరు వేసినవాళ్లను అడిగి రాసిపెట్టుకోండి.

ఊట దిక్కు తెలుసుకోవడానికి ఇంజనీరు అక్కర్లేదు. ఒకే వరుసలో లేని మూడు బావులు, త్రికోణంలా ఉన్నవి, చాలు. మోటార్లు రాత్రంతా ఆపి పొద్దున్నే బావి గట్టు నుంచి నీటి మట్టం దాకా కొలవండి. గట్లు ఒకే ఎత్తులో ఉండవు కాబట్టి, నీళ్లు నింపిన పారదర్శక పైపుతో తాపీమేస్త్రీ చూసినట్టు వాటి ఎత్తుల తేడా చూసుకుని సరిచేయండి. మూడు మట్టాలూ కాగితం మీద గీస్తే ఊట ఎక్కువ మట్టం నుంచి తక్కువ మట్టం వైపు ఎలా వాలిందో కనిపిస్తుంది. వానలకు ముందొకసారి, తర్వాతొకసారి కొలవండి, దిక్కు మారుతుందేమో తెలుస్తుంది.

యార్డు చుట్టూ పర్యవేక్షణ బోర్లు వేసి ఉంటే వాటి రిపోర్టులు యార్డు నడిపినవాళ్ల దగ్గర ఉంటాయి. రాతపూర్వకంగా అడగండి. అమెరికాలో 1991లో వచ్చిన నిబంధనల ప్రకారం మూసిన తర్వాత 30 ఏళ్లు చూసుకోవాలి, భూగర్భ జలాన్ని పరీక్షిస్తూ ఉండాలి. ఆ 30 కూడా చాలదని నా అభిప్రాయం, అమ్మోనియా దానికి లొంగే రకం కాదు.

ప్రశ్న: మా బావిలో నైట్రేట్ లీటరుకు 90 మిల్లీగ్రాములు, ఈ.కొలై కూడా ఉన్నట్టు రిపోర్టు వచ్చింది. అమ్మోనియా లేదు, ఇనుము లేదు. యార్డు మీద కేసు వేయాలనుకుంటున్నాం. మీ సలహా?

జవాబు: మీకు నచ్చని జవాబే చెప్పాలి. కేసు వేసే ముందు మీ సెప్టిక్ ట్యాంకు బావికి ఎంత దూరంలో ఉందో కొలవండి. ఈ.కొలై వచ్చేది మనుషుల, పశువుల పేగుల్లోంచి. యార్డు ఊటలో ఆక్సిజన్ ఉండదు, అందువల్ల నైట్రేట్ నిలవదు, అమ్మోనియాగానే వస్తుంది. నైట్రేట్ బాగా ఉండి, ఇనుము అమ్మోనియా లేకపోతే అది ఎక్కువగా సెప్టిక్ ట్యాంకు, పశువుల దొడ్డి, పొలం ఎరువుల గుర్తు. యార్డు నుంచి చాలా దూరం వచ్చాక, గాలి తగిలే పొరల్లో అమ్మోనియా నైట్రేట్‌గా మారే అవకాశం ఉంది కాబట్టి యార్డును పూర్తిగా తీసిపారేయను. కానీ ఈ రిపోర్టుతో కోర్టుకు వెళితే అవతలి లాయరు మొదటి ప్రశ్న సెప్టిక్ ట్యాంకు గురించే అడుగుతాడు.

కారణం ఏదైనా 90 అంటే ఎక్కువే. ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి 50. పాలడబ్బా పాలు తాగే పసిపిల్లలకు ఈ నీళ్లతో పాలు కలపకండి, రక్తం ఆక్సిజన్ మోయలేక ఒళ్లు నీలం తిరిగే ప్రమాదముంది. కాచినా నైట్రేట్ పోదు, నీళ్లు ఇగిరిన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

ప్రశ్న: మేడమ్, మా రిపోర్టులో బెంజీన్ లీటరుకు 14 మైక్రోగ్రాములు, వినైల్ క్లోరైడ్ 2 అని వచ్చింది. ఇంట్లో ఎవరికీ ఏ జబ్బూ లేదు. పదకొండేళ్లుగా ఇవే నీళ్లు తాగుతున్నాం. రిపోర్టు వచ్చినప్పటి నుంచి మా అత్తగారికి టెన్షన్‌తో నిద్ర లేదు. నిజంగా అంత ప్రమాదమా, మేమే ఎక్కువ చేస్తున్నామా?

జవాబు: తాగడం ఇవాళే ఆపండి. ఆ తర్వాత స్థిమితంగా కూర్చుని మాట్లాడుకోవచ్చు.

బెంజీన్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ విలువ 10, వినైల్ క్లోరైడ్‌కు 0.3. ఈ విలువలు జీవితకాలం రోజూ తాగితే అన్న లెక్కతో పెట్టినవి. అంటే దాటిన మర్నాడే జబ్బు వస్తుందని కాదు. అది మీ అత్తగారికి ముందు చెప్పండి. కానీ రెండూ మనుషుల్లో క్యాన్సరు కలిగిస్తాయని రుజువైనవే. మీ రెండు అంకెల్లో నేను ఎక్కువ పట్టించుకునేది చిన్నగా కనిపిస్తున్న ఆ 2నే. అది దాని పరిమితికి ఆరు రెట్లకు పైన ఉంది. గ్రీజు తుడిచే ద్రావకాలు, డ్రైక్లీనింగ్ ద్రావకాలు ఆక్సిజన్ లేని నేలలో విరుగుతూ వినైల్ క్లోరైడ్‌గా మారతాయి. ఎవరో ఎప్పుడో ఆ యార్డులో వర్క్‌షాపు చెత్త పోసి ఉంటారు.

ఇవి ఆవిరయ్యే రసాయనాలు కాబట్టి నోటి ద్వారా మాత్రమే కాదు, ఊపిరి ద్వారా, చర్మం ద్వారా కూడా ఒంట్లోకి వెళతాయి. తలుపులు మూసిన బాత్రూమ్‌లో వేడినీళ్ల షవర్ అన్నిటికన్నా చెడ్డది. వేరే ఏర్పాటు జరిగేదాకా చన్నీళ్లతో, బకెట్‌తో, కిటికీ తెరిచి, త్వరగా ముగించండి. ఇదే కారణంగా ఆ నీళ్లను వంటింట్లో మరిగించొద్దు. నీళ్లలోంచి పోయేది మీ వంటింటి గాలిలోకే వస్తుంది.

రెండు వారాల్లో మళ్లీ శాంపిల్ ఇవ్వండి, వీలైతే మరో ల్యాబ్‌కు. పాతవీ కొత్తవీ రిపోర్టులు, బిల్లులు, మీరు రాసిన ఉత్తరాల నకళ్లు ఒక ఫైల్లో పెట్టండి. ఎందుకో ఒక ఉదాహరణ చెబుతాను. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలోని జాక్సన్ టౌన్‌షిప్‌లో స్థానిక పాలకులే నడిపిన డంపింగ్ యార్డు రసాయనాలు భూగర్భ జలంలోకి దిగి ఇళ్ల బావుల్లోకి వచ్చాయి. 1978 నవంబరులో బావి నీళ్లు తాగొద్దని చెప్పారు. కొళాయి లైను వచ్చేదాకా దాదాపు రెండేళ్లు బ్యారెళ్లలో నీళ్లు మోసుకున్నారు. చాలామందికి మీలాగే అప్పటికి ఏ జబ్బూ లేదు. అయినా వాళ్లు కోర్టుకు వెళ్లారు. తాగినవాళ్లకు మున్ముందు క్రమం తప్పకుండా వైద్య పరీక్షలు చేయించుకునే ఖర్చు ఇవ్వాల్సిందేనని 1987లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఒప్పుకుంది. మీరు కూడా డాక్టరుకు రిపోర్టు చూపించి, ఎన్నేళ్లు తాగారో చెప్పి, మామూలు రక్త పరీక్ష, కాలేయ పరీక్ష చేయించి రాయించిపెట్టుకోండి. జబ్బు ఉందని కాదు. ఇవాళ్టి స్థితి ఏమిటో రికార్డులో ఉండాలి.

ప్రశ్న: ఆర్వో పెట్టించాం. ఇంకా నెలనెలా బావిలో బ్లీచింగ్ పౌడర్ వేస్తున్నాం. ఇంతకన్నా ఏం చేయాలి?

జవాబు: బ్లీచింగ్ ముందు ఆపండి. అది క్రిములకు మందు, రసాయనాలకు కాదు. లీచేట్ కలిసిన నీటిలో వేస్తే అమ్మోనియాతో కలిసి క్లోరమైన్లు, సేంద్రియ పదార్థంతో కలిసి క్లోరోఫామ్ లాంటివి తయారవుతాయి. ఉన్నది చాలక మీరు కొత్తవి కలుపుతున్నట్టు.

ఆర్వో లవణాలను, నైట్రేట్‌ను, చాలా లోహాలను బాగా తగ్గిస్తుంది. కానీ చిన్న అణువులున్న వీఓసీలు పొరలోంచి జారిపోతాయి. ఆర్సెనిక్ సంగతీ అంత తేలిక కాదు. ఆక్సిజన్ లేని ఊటలో అది విద్యుదావేశం లేని రూపంలో ఉంటుంది, ఆ రూపాన్ని ఆర్వో సరిగ్గా ఆపలేదు. ఇనుము ఎక్కువుంటే పొర త్వరగా పూడిపోతుంది. వీఓసీలకు యాక్టివేటెడ్ కార్బన్ పనిచేస్తుంది. అది నిండిపోయిన రోజు గంట కొట్టి చెప్పదు కాబట్టి రెండు కార్బన్ గొట్టాలు వరుసగా పెట్టి, మధ్యలో నీటిని పరీక్షిస్తూ మొదటిది మార్చుకుంటూ పోవాలి. వినైల్ క్లోరైడ్‌ను మాత్రం కార్బన్ కూడా సరిగా పట్టదు. యూవీ దీపం క్రిములకు తప్ప దేనికీ కాదు.

అమ్మేవాడి బ్రోషర్ చూసి కాదు, మీ రిపోర్టు చూసి ఫిల్టరు కొనండి. పెట్టాక ఫిల్టరుకు ముందు నీళ్లు, తర్వాత నీళ్లు రెండూ పరీక్షకు పంపండి.

ప్రశ్న: యార్డు పక్క బావి నీళ్లు పెరటి మొక్కలకు పోయొచ్చా?

జవాబు: పూలమొక్కలకు పోయండి. ఆకుకూరలకూ దుంపలకూ లోహాల రిపోర్టు వచ్చేదాకా వద్దు. పశువులకు కూడా అదే.

ప్రశ్న: మేడమ్, బావిలో వాసన వస్తోందని ఈ ఆదివారం మా తమ్ముడూ నేనూ దిగి పూడిక తీద్దామనుకుంటున్నాం. యార్డు పక్కనే, 60 మీటర్లు ఉంటుంది. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు: దిగొద్దు. ఈ ఉత్తరం అచ్చయ్యేదాకా ఆగకుండా మీకు విడిగా రాశాను. మిగతావాళ్ల కోసం ఇక్కడ చెబుతున్నా.

చెత్త కుళ్లేటప్పుడు పుట్టే వాయువులో సగానికి పైగా మీథేన్, మిగతాది దాదాపు అంతా కార్బన్ డయాక్సైడ్. అవి మట్టిలోంచి, రాతి పగుళ్లలోంచి పక్కకు ప్రయాణిస్తాయి. ఇంగ్లండ్‌లో డెర్బీషైర్‌లోని లోస్కో అనే ఊళ్లో 1986 మార్చి 24న యార్డు పక్కనున్న ఒక బంగళా ఇలాగే పేలి కూలిపోయింది. ఆ రాత్రి వాతావరణ పీడనం బాగా పడిపోవడంతో నేలలోని వాయువు బయటికి ఎగదన్నింది. ఇంటికే అలా వచ్చిందంటే, నేలలోకి తవ్విన బావి గురించి చెప్పేదేముంది? బరువైన కార్బన్ డయాక్సైడ్ బావి అడుగున చేరి ఆక్సిజన్‌ను నెట్టేస్తుంది. దిగినవాడు రెండు మూడు గుటకల ఊపిరికే పడిపోతాడు. పైనున్నవాడు కాపాడబోయి దిగుతాడు. బావి చావుల్లో ఒక్కరితో ఆగనివి ఎక్కువగా ఇందుకే.

దీపం దించి చూస్తే తెలుస్తుందని పెద్దవాళ్లు చెబుతారు. యార్డు పక్కన ఆ పని అస్సలు చేయకండి. మీథేన్ గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే నిప్పు తగలగానే పేలుతుంది. మోటారు గదిలో కూడా బీడీ, అగ్గిపుల్ల వద్దు, తలుపు తెరిచి గాలి ఆడనివ్వండి. పూడిక తీయించాల్సిందేనంటే గ్యాస్ డిటెక్టరు, గాలి పంపే ఏర్పాటు, నడుముకు తాడు, పైకి లాగే యంత్రం ఉన్నవాళ్లతోనే. వాసన పూడిక వల్ల కాదేమో కూడా, ముందు నీళ్లు పరీక్షించండి.

ప్రశ్న: పాత బోరు పాడైంది కాబట్టి పక్కనే ఇంకా లోతుగా, రెట్టింపు లోతుకు కొత్త బోరు వేయించమని బోరు లారీవాళ్లు అంటున్నారు. వేయించమంటారా?

జవాబు: లారీవాళ్లు బోరు వేయొద్దని ఎవరికైనా చెప్పగా మీరు విన్నారా?

లోతు నీరు మంచిదయ్యే అవకాశం ఉంది, పైపొరకూ కింది పొరకూ మధ్య మందమైన బంకమట్టి ఉంటేనే. కొత్త బోరు ఆ బంకమట్టికే చిల్లు పెడుతుంది. కేసింగ్ పైపు బయటి సందును సిమెంటు గ్రౌటింగ్‌తో ఆ పొరదాకా పూడ్చకపోతే, పైనున్న పాడు నీరు ఆ సందులోంచే కిందికి దిగుతుంది. ఇప్పటివరకు బాగున్న పొర కూడా పాడవుతుంది, మీకే కాదు, దానిలోంచి తోడుకునే అందరికీ. రాతి నేలల్లో అయితే బంకమట్టి అడ్డే ఉండదు. లోతైన బోరు గట్టిగా తోడితే పగుళ్ల వెంట యార్డు నీటిని ఇంకా త్వరగా లాక్కుంటుంది.

కాబట్టి ముందు అడగాల్సింది యార్డుకు దూరంగా, ఊటకు ఎగువన బోరు వేసుకునే చోటు ఉందా అని. లేదా బయటి నుంచి పైపులైను తెచ్చుకునే దారి ఉందా అని. చాలాచోట్ల చివరికి తేలే పరిష్కారం పైపులైనే, అందరూ కలిసి అడిగితేనే వస్తుంది. రెండూ కుదరక లోతు బోరే వేస్తే, కేసింగ్ ఎంత దించుతారో, గ్రౌటింగ్ ఎలా చేస్తారో కాగితం మీద రాయించుకోండి. పడిన మొదటి రోజు నీళ్లే ల్యాబ్‌కు పంపండి, తర్వాత వచ్చే రిపోర్టులన్నిటినీ దాంతో పోల్చుకోవాలి.

పాత బోరును మూతపెట్టి వదిలేయకండి. అడుగు నుంచి పైదాకా సిమెంటు, బెంటొనైట్ మట్టితో నింపి మూయాలి. లేకపోతే అదే పై నీటికి దారి. ఆ ఖర్చు కూడా కలుపుకుని మొత్తం ఎంతవుతుందో చూసుకున్నాకే లారీని పిలవండి.